నీటి అంచున పుల్ల

పడవ బురదకు ఆనగానే పడవాయన చేసిన మొదటి పని, నడుముకు దోపుకున్న పుల్ల ఒకటి తీసి నీటి అంచున గుచ్చడం. తాడు కట్టలేదు, మమ్మల్ని దింపలేదు, ముందు పుల్ల గుచ్చాడు. దాని వంక ఒకసారి చూసి, అప్పుడు మా అమ్మాయికి చెయ్యందించాడు. నేను పడవలోనే కూర్చుండిపోయాను. "ఏమైంది నాయినా, మోకాళ్ళా?" అని అడిగింది మా అమ్మాయి. మోకాళ్ళే అన్నాను. డెబ్భై దాటిన మనిషికి అదొక సౌకర్యం. ఏం జరిగినా మోకాళ్ళ మీదికి తోసేయవచ్చు.

కృష్ణ సముద్రంలో కలిసే చోటు అది. అక్కడివాళ్ళు మొగ అంటారు. మా అమ్మాయి బందరులో టీచరు కాబట్టి, సెలవు చూసుకొని నన్ను తీసుకొచ్చింది. రేవు దగ్గర అటవీ శాఖ వాళ్ళ బోర్డు ఉంది. చెట్టు కొట్టరాదు, వల వేయరాదు, పిట్టల జోలికి పోరాదు అని ఆకుపచ్చ రంగు మీద తెల్లటి అక్షరాలు. ఆ చోటికి నేను రావడం అదే మొదటిసారి. కానీ పోలీసు చర్య అయిన మరుసటి ఎండాకాలంలోనే నేను ఇక్కడికి వచ్చి, అన్నీ చూసి వెళ్ళానని వాడపల్లిలో ఊరంతటికీ తెలుసు. అది ఎలాగో చెప్పాలంటే ఆ ఊరి రేవులో జనాన్ని నది దాటించిన ఒకాయన గురించి చెప్పాలి.

పేరు తెలుసు, రాయను. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలిచిందీ లేదు. అందరికీ పుట్టాయన. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో పడుతుంది. ఆ రేవులో పుట్టి నడిపేవాడు. వెదురు బద్దలతో అల్లి అడుగున తోలు బిగించిన పెద్ద గుండ్రటి బుట్ట అది. ఎనిమిది మంది కూర్చుంటే అవతలి ఒడ్డుకు చేరేది, తొమ్మిదో మనిషి ఎక్కితే ఆయన దిగి నిలబడేవాడు తప్ప పోనిచ్చేవాడు కాదు. నేను మిర్యాలగూడ నుంచి ఆ ఊరి బడికి పంతులుగా వెళ్ళేసరికి ఆయనకు నలభై అయిదేళ్ళుంటాయి. యాభై అయిదని చెప్పినా నమ్మేవాణ్ణి.

బడి ఏడాదిన్నర మూతపడి అప్పుడే తెరిచారు. నిజాం రాజ్యం చివరి రోజుల్లో గుంపులు ఊళ్ళ మీద పడుతుంటే భయపడి జనం సరిహద్దు దాటి పోయారు. యూనియన్ సైన్యం వచ్చాక ఒక్కో ఇల్లే మళ్ళీ నిండుతోంది. అయినా సగం మంది పిల్లలు రాలేదు. వచ్చినవాళ్ళు పలకల మీద తల పెట్టి నిద్రపోయేవాళ్ళు. నేను కూడా నిద్ర ఆపుకుంటూ ఎక్కాలు చెప్పించేవాణ్ణి. ఆ ఏడు ఊరంతా అలసిపోయి ఉంది. పండగలు చేశారు కానీ, అవి కూడా త్వరగా ముగించి పడుకుందామన్నట్టే చేశారు.

నేను ప్రతి శనివారం అవతలి ఒడ్డున ఉన్న మా అక్క ఇంటికి ఆయన పుట్టిలోనే దాటేవాణ్ణి. దిగేటప్పుడు తమాషా ఉండేది. మామూలుగా పుట్టివాళ్ళు ఎండాకాలంలో పుట్టిని ఇసుక మీద రెండు బారలు లాగి వదిలేస్తారు. కృష్ణ ఆ రోజుల్లో చెప్పకుండా పెరగదు. ఈయన మాత్రం గట్టు మీదున్న రెండు తుమ్మచెట్ల దాకా ఒక్కడే ఈడ్చుకుంటూ వెళ్ళి, ఒక్కో చెట్టుకు ఒక్కో తాడు చొప్పున కట్టేవాడు. మళ్ళీ కిందికి వచ్చి నీటి అంచున ఒక పుల్ల గుచ్చేవాడు. తర్వాత దోసిట్లో నీళ్ళు తీసుకొని నాలుకకు తగిలించి, రుచి చూసి ఉమ్మేసేవాడు. రోజుకు పదిసార్లు దాటితే పదిసార్లూ ఇదే. ఎక్కాల్సినవాళ్ళు గట్టు మీద నిలబడి విసుక్కునేవాళ్ళు.

"మోకాలి బంటి నీళ్ళు లేవు, నీ పుట్టి యాడికి పోతదే?" అనేవాడు ఊరి దర్జీ. దర్జీకి అవతలి ఒడ్డు ఊళ్ళల్లో బట్టల పని, తరచూ దాటేవాడు.

"నీళ్ళు మర్లుతయి," అనేవాడు ఆయన.

అంతకు మించి చెప్పడు. కృష్ణ వెనక్కి మళ్ళడం ఎక్కడైనా ఉందా అని అందరూ నవ్వేవాళ్ళు. నవ్వేవాళ్ళకు ఇంకో అవకాశం కూడా ఆయనే ఇచ్చాడు. గడబిడ రోజుల్లో నది వెంట సముద్రం దాకా పోయి వచ్చాడట, అక్కడి ముచ్చట్లు చెప్పేవాడు. అక్కడి చెట్లు బురదలో నుంచి వేళ్ళను పైకి పెడతాయట, గాలి పీల్చుకోవడానికి. పిల్లి నీళ్ళల్లో దూకి చేపలు పడుతుందట. ఒక చెయ్యి చిన్నగా, ఒక చెయ్యి ఎర్రగా పెద్దగా ఉండే ఎండ్రికాయలు బురద నిండా ఉండి, మనిషి కనబడగానే అన్నీ ఒకేసారి బొరియల్లోకి పోతాయట. ఇవన్నీ ఎలాగో మింగేవాళ్ళు కానీ, చెట్టెక్కే చేప దగ్గర మాత్రం పుట్టి మొత్తం ఊగేటట్టు నవ్వేవాళ్ళు.

"మూరెడు చాప చెట్టెక్కుతదంటివి గద, దిగెటప్పుడు నిచ్చెన ఏస్తరా?" అన్నాడు దర్జీ ఒకసారి.

"సూస్తె నమ్ముతవ్. సూడకుంటె ఎట్ల నమ్ముతవ్?" అని తెడ్డు వేసుకుంటూ పోయాడు ఆయన. కోపం లేదు. ఆయనకు కోపం వచ్చేంత ఓపిక ఉన్నట్టు నేను ఎప్పుడూ చూడలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బడి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. చేతిలో ఖాళీ పోస్టుకార్డు ఉంది, తడి చేతులతో పట్టుకోవడం వల్ల ఒక మూల ఉబ్బింది. రాసిపెట్టమన్నాడు. ఎవరికి అన్నాను. మొగ కాడ ఉన్నోళ్ళకు అన్నాడు. పేరేమిటంటే ఎరుక లేదన్నాడు. ఊరి పేరూ తెలియదు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఏం రాయాలి అని అడిగితే, అప్పుడు చెప్పాడు.

"గడబిడల ఊరు ఇడిసి పోయినం గద పంతులూ. అందరు కోదాడ మీదికెళ్ళి బండ్ల మీద పోయిన్రు. మాకు బండేడిది. ఆమె, నేను పుట్టిల కూసున్నం. నీళ్ళు యాడికి పోతె గాడికే అనుకున్నం. బెజవాడ కాడ ఆనకట్ట అడ్డమొచ్చింది. పుట్టిని నెత్తికెత్తుకొని నడిసిన. ఎనక ఆమె ఒకటే నవ్వుడు. తాబేలు పోతున్నట్టున్నది, గట్లనే పో అని."

చెబుతూ ఆయన కూడా కొంచెం నవ్వాడు. భార్య ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"మొగ కాడికి పోయిన తెల్లారి ఆమెకు జరమొచ్చింది. గాడ అన్ని నీళ్ళే, తాగ నీళ్ళు లేవు. కోసు దూరం నడిసి తెచ్చుకోవాలె. పుట్టిల పండవెట్టి, పైన చీర కప్పి, నీళ్ళకు పోయిన. నీళ్ళ అంచు నుంచి నాలుగు బారలు పైకి ఈడ్సిపెట్టే పోయిన. గుంజకు తాడు గూడ కట్టిన. మనకాడ అట్ల పెడితె నెల దినాలైనా కదలదు. పొద్దు నడినెత్తికి రాకముందే మర్లొచ్చిన. సూస్తె బురద లేదు. నీళ్ళే ఉన్నయ్."

ఉబ్బిన కార్డు మూలను బొటనవేలితో అదిమాడు.

"నీళ్ళు ఒక దిక్కే పోతయనుకున్న పంతులూ. పుట్టినకాంచి గంతే సూసిన."

సముద్రం పోటు అది. ఎగువ నదిలో పుట్టి పెరిగిన మనిషికి తెలియదు. నీళ్ళు పైకి వచ్చి మెత్తటి బురదలో నాటిన గుంజను వదులు చేసి, తిరిగి మళ్ళగానే పుట్టిని, అందులో ఉన్న మనిషిని పట్టుకుపోయాయి. అక్కడి పల్లెకారులు మంచివాళ్ళట. గంజి పోసి, తమ పడవల్లో ఎక్కించుకొని నెల రోజులు ఆ మొగ చుట్టుపక్కల పాయలన్నీ వెతికించారు. నీటి అంచున పుల్ల గుచ్చి నీళ్ళు వస్తున్నాయో పోతున్నాయో చూడడం, రుచి చూసి సముద్రం ఎంత దగ్గరికి వచ్చిందో తెలుసుకోవడం వాళ్ళే నేర్పారు. చెట్లూ పిల్లులూ చేపలూ ఆయన చూసింది అలా వెతుకుతూనే. వాళ్ళు ఇంకో మాట కూడా చెప్పారు. నది అక్కడ పాయలుగా చీలి మూడు మొగల్లో కలుస్తుంది. ఈ మొగలో పోయింది ఒక్కోసారి పక్క మొగల్లో తేలుతుంది, అక్కడ కూడా అడుగు అని. అడిగేలోపు ఈయనకు జ్వరం వచ్చింది. ఒళ్ళు తెలియని మనిషిని తిరిగి పోయే జనంతో లాంచీ ఎక్కించారు. తెలివి వచ్చేసరికి బెజవాడలో ఉన్నాడు.

"ఇంటికొచ్చి ఉంటదనుకొని ఉరికొచ్చిన. ఆమెకు తొవ్వ ఎర్కనే. నీళ్ళకు ఎదురు నడిస్తె ఇల్లొస్తది."

"మళ్ళ నువ్వే పోయి ఆ రెండు మొగలు చూసి రారాదా మామా?" అన్నాను.

"నేను పోయినప్పుడు ఆమె వస్తే?"

కార్డు రాశాను. మొగ దగ్గర ఉన్న పెద్దలకు అని అడ్రసు పెట్టాను. ఇంకో రెండు కార్డులు కూడా రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. కోదాడ, సూర్యాపేట పోయే బండ్లవాళ్ళను ఆపి, వలస నుంచి తిరిగి వస్తున్న ఆడవాళ్ళలో ఎడమ చెవి తమ్మె తెగిన మనిషి కనిపిస్తే చెప్పమని ఆయన ఎందుకు అడిగేవాడో నాకు అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి నేను పుట్టిలో నవ్వడం మానేశాను. నవ్వేవాళ్ళను ఆపింది మాత్రం లేదు.

ఎండాకాలం సెలవుల్లో పరీక్ష రాయడానికి నేను బెజవాడ వెళ్ళాల్సి వచ్చింది. ఆ సంగతి ఆయనకు ఎవరో చెప్పారు. ఎండుచేపల పొట్లం కట్టుకొని మా గది దగ్గరికి వచ్చాడు.

"బెజవాడ దాక పోతున్నవంట. కాలువ మీద లాంచీ ఎక్కితె ఒక్క దినం. రెండు మొగలు సూసి, అడిగి రా పంతులూ. ఎడమ చెవు తమ్మె తెగుంటది. ఎవరేం జెప్పినా గట్లనా అంటది. గంతే గుర్తు."

తప్పకుండా పోతాను మామా అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

పరీక్ష అయిపోయింది. మర్నాడు పొద్దున్నే కాలువ గట్టుకు వెళ్ళి లాంచీ ముందు నిలబడ్డాను. నాకు జ్వరం రాలేదు. లాంచీ తప్పిపోలేదు. ఓపిక లేదు, అంతే. రెండేళ్ళుగా పరుగెత్తడం, దాక్కోవడం, ఎవరింట్లోనో తినడం, మళ్ళీ బయలుదేరడం. ఇంకో తెలియని ఊరు, ఇంకో రోజు ఎండ, ఎప్పుడో పోయిన మనిషి కోసం ఊరూరా అడగడం. లాంచీ కూత వేసింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, నేను గట్టు మీదే ఉండిపోయాను. తర్వాత హోటల్లో ఇడ్లీ తిని, మిర్యాలగూడ బస్సెక్కాను. బస్సులో హాయిగా నిద్రపోయాను కూడా. ఈ ముక్క ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

శనివారం పుట్టి ఎక్కాను. దర్జీ కూడా ఉన్నాడు, ఇంకో నలుగురు ఉన్నారు. నది సగం దాటేదాకా ఆయన ఏమీ అడగలేదు. తెడ్డు ఆపి అడిగాడు.

"పోయినవా పంతులూ?"

"పోయిన మామా."

"రెండు మొగలు?"

"రెండూ సూసిన. ఊరూరా అడిగిన. ఎవ్వరూ ఎర్క లేదన్నరు."

పుట్టి నెమ్మదిగా తిరుగుతోంది. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"చెట్టెక్కే చాపను సూసినవా?"

"సూసిన."

"ఎంతుంది?"

"మూరెడుంది," అన్నాను.

ఆయన చాలాసేపు నా మొహం వంకే చూశాడు. నేను నదిని చూశాను. తర్వాత తెడ్డు నీళ్ళలో వేసి, దర్జీ వైపు తిరిగి, "ఇన్నవా? పంతులు సూసిండు," అన్నాడు.

ఆ రోజుతో నవ్వులు ఆగిపోయాయి. పంతులు చూశాడంటే ఇక ఎవరూ ఎదురు మాట్లాడరు కదా. మిర్యాలగూడలో తోటి పంతుళ్ళు కూడా నన్ను కూర్చోబెట్టి సముద్రం ఎలా ఉంటుందని అడిగేవాళ్ళు. నేను పుట్టాయన మాటలకు నా మాటలు కొన్ని కలిపి చెప్పేవాణ్ణి. బాగానే చెప్పేవాణ్ణి. ఒకసారి మొసలిని కూడా పెట్టాను.

ఆ మరుసటి వారం రేవుకు వెళ్తే పుట్టి నీటి అంచునే ఉంది, ఒకే తాడు కట్టి ఉంది. పుల్ల లేదు. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు, ఆయన నీళ్ళు రుచి చూడలేదు. నేను చెప్పింది నమ్మి, ఇక ఆమె రాదని మనసుకు సర్దిచెప్పుకున్నాడు అనుకున్నాను. అబద్ధమైనా ఒక మంచి చేసిందని నాకు నేను చెప్పుకున్నాను. మనిషి తేరుకున్నాడని మా అక్కతో కూడా అన్నాను.

తర్వాతి ఏడు నన్ను సూర్యాపేటకు మార్చారు. ఒకసారి కోదాడలో బస్సు కోసం నిలబడితే దర్జీ కనిపించాడు. తలకు గుడ్డ చుట్టుకొని మిషను భాగాలేవో మోసుకుపోతున్నాడు.

"పుట్టాయన పోయిండు పంతులూ. వానలు పడకముందే. జరం గిరం ఏం లేదు, మెల్లగ తిండి తగ్గించిండు. పుట్టిని మేమే పైకి గుంజి కట్టినం, నువ్వు సూసినవ్ గద, రెండు తాళ్ళు. గట్లనే కట్టినం."

"ఎవరన్నా వచ్చిన్రా, ఆయన కోసం?" అన్నాను.

"ఎవరొస్తరు? ఎవ్వరు రాలె."

బస్సు వచ్చింది, ఎక్కాను.

ఇదంతా మొగ దగ్గర, పడవలో కూర్చున్న ఆ కొద్దిసేపట్లో గుర్తొచ్చింది. చివరికి దిగాను. బురద అంచున కర్రలు పరిచి ఉన్నాయి, వాటి మీద నడిపించారు. చుట్టూ మడ చెట్లు. వేళ్ళు బురదలో నుంచి వేలెడంత వేలెడంత పైకి లేచి ఉన్నాయి, ఆయన చెప్పినట్టే. ఎర్ర చెయ్యి ఎండ్రికాయలు మేము అడుగు వేయగానే మాయమయ్యాయి, ఆయన చెప్పినట్టే. ఒకప్పుడు వంటచెరుకు కోసం నరికేస్తే ఈ అడవి బోడిగా అయిపోయిందనీ, కాపలా పెట్టాక మళ్ళీ పెరిగిందనీ పడవాయన చెప్పాడు. అడవి నిజంగా బాగుంది. నాకు సంతోషం మాత్రం కలగలేదు.

"నాయినా, గటు సూడు," అని మా అమ్మాయి ఒక చెట్టు మొదలు చూపించింది.

నాకు ఆ దూరం ఆనదు. "ఏముంది?"

"చేప. చెట్టెక్కుతంది."

"ఎంతుంది?" అని అడిగాను.

"నా చిటికెనవేలంత."

"అంతకన్నా పెరగదండీ అది," అన్నాడు పడవాయన.

నేను ఆ చెట్టు దగ్గరికి వెళ్ళలేదు. ఉన్నచోటే నిలబడ్డాను. మూరెడు అన్నది దర్జీ వెక్కిరింపు మాట. చేప ఎంత ఉంటుందో ఆయన ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. నేను నది మధ్యలో ఆ మాట అన్న క్షణంలోనే, నేను మొగ దాకా పోలేదనీ, ఎవరినీ అడగలేదనీ ఆయనకు తెలిసిపోయింది. తెలిసి, నలుగురి ముందు నా పరువు నిలబెట్టాడు. మరుసటి వారం పుల్ల గుచ్చడం మానేసింది నా మాట నమ్మి కాదు. ఆమె వస్తుందేమోనని తాను కదలలేడు. పంపడానికి ఉన్న ఒక్క మనిషీ పోకుండానే తిరిగి వచ్చాడు. ఇన్నేళ్ళూ ఆయన్ను మోసం చేశానన్న బాధ ఒకటే ఉండేది. అది ఎంత తేలికైనదో అప్పుడు తెలిసింది.

ఇక అడగకుండా ఉండలేకపోయాను. మిగతా రెండు మొగలూ ఎక్కడ అన్నాను.

"ఒకటి ఇసుక మేటేసి పూడిపోయిందండి. రెండోది అదిగో, ఆ చెట్ల ఎనకాల. అటెల్లనివ్వరండి, ఫారెస్టోళ్ళు. తాబేళ్ళు గుడ్లు పెడతాయని ఎవర్నీ పోనివ్వరు."

"అక్కడ ఊరేమైనా ఉందా?"

"ఉండేదండి. మా మేనత్తోళ్ళ పల్లె. పెద్ద ఉప్పెనకి పోయింది, ఒక్క గుడిసె మిగల్లేదు."

"చాలా ఏళ్ళ కిందట, గుండ్రటి పుట్టిలో ఒకావిడ అక్కడ తేలిందేమో. ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుంది. పై నుంచి, మా వాడపల్లి నుంచి వచ్చిన మనిషి. ఎవరేం చెప్పినా గట్లనా అంటుంది."

మా అమ్మాయి నా వంక చూసింది. పడవాయన నవ్వలేదు.

"నాకు తెలీదండి, నేను అప్పటికి పుట్టలేదు. మా మేనత్తకి తెలిసుండేది. ఆ మొగలో ఏది కొట్టుకొచ్చినా ముందు ఆవిడే ఎల్లేది. పేరు పేరునా చెప్పేది, ఎవరు ఎక్కణ్ణించి వచ్చారో, ఎటెల్లారో. ఎవరైనా అడుగుతారని గుర్తు పెట్టుకునేదండి."

"ఆవిడ ఎప్పుడు పోయింది?"

"ఉప్పెనలోనేనండి."

అంటే ఆ ఎండాకాలం నేను బెజవాడ కాలువ గట్టు మీద నిలబడిన పొద్దున ఆవిడ ఇక్కడే ఉంది. పుట్టాయన పోయిన ఏడూ ఉంది. నేను సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్నప్పుడూ, మా అమ్మాయి పుట్టినప్పుడూ, ఎవరైనా వచ్చి అడుగుతారని గుర్తు పెట్టుకొని ఇక్కడే ఉంది. ఎవరూ రాలేదు.

"నీళ్ళు మళ్ళాయండీ, ఎల్దాం," అని పడవాయన పుల్ల పీకి నడుముకు దోపుకున్నాడు.